నాలుగు నెలలు, ఒక లేఖ: బెంగళూరులో నా ఓఈటీ అనుభవం

ఈ ఏడాది మార్చి నెలాఖరులో, విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీకి సిద్ధం కావడం మొదలుపెట్టి, ఆగస్టు రెండో వారంలో రాసి, ఆ నెల ముగిసేలోపు ఫలితం అందుకున్నాను. బెంగళూరు ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు నర్సులు కొందరు ఎంత ఖర్చయిందని, ఎన్నాళ్ళు పట్టిందని, ఏది కష్టమని అడుగుతున్నారు. మొదటి రెండింటికీ ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు గానీ మూడోదానికి చెప్పలేను కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా మట్టుకు కష్టమంతా రైటింగ్ విభాగంలోని ఒకే ఒక్క లేఖలో ఉంది. ఆ లేఖలో కూడా వైద్య పదాల దగ్గర కాదు, క్రియల దగ్గర.

నేను హిందూపురం దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, బెంగళూరులో నర్సింగ్ పూర్తిచేసి, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు అన్ని రంగాల వాళ్ళూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అయినా చెల్లుతుంది, ఓఈటీ అయినా చెల్లుతుంది. మొదటిదానిలో రైటింగ్‌లో 6.5, మిగిలిన మూడింటిలో, అంటే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో, 7 చొప్పున రావాలి. రెండోదానిలో రైటింగ్‌లో 300, మిగిలిన మూడింటిలో 350 చొప్పున రావాలి. ఐఈఎల్‌టీఎస్ ఫీజు దాదాపు సగమే అయినా, నగరీకరణ మంచిదా చెడ్డదా అన్న వ్యాసం రాయడం కంటే రోగిని మరొకరికి అప్పగిస్తూ లేఖ రాయడం నాకు అలవాటైన పని అనిపించి ఓఈటీ వైపు మొగ్గాను. అలవాటైన పని అన్న ధీమా ఏప్రిల్ మొదటి వారానికే సగం కరిగిపోయింది.

కోచింగ్ కోసం కమ్మనహళ్ళిలోని ఒక చిన్న కేంద్రంలో చేరాను. రెండు నెలలకు 14 వేల రూపాయలు. వారం మధ్యలో ఆన్‌లైన్ తరగతులు, ఆదివారం మాత్రం నేరుగా వెళ్ళాలి. నా హాస్టలు హొసూరు రోడ్డు వైపు ఉన్నందువల్ల రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, రెండు బస్సులు మారి వెళ్ళేసరికి కళ్ళు మూతలు పడేవి. తరగతిలో ఎక్కువమంది మలయాళీలే. పాఠం చెప్పే మేడం కూడా మలయాళీయే, పూర్వం నర్సుగా పనిచేసినావిడ.

మొదటి ఆదివారమే ఆవిడ ఒక నమూనా ప్రశ్నపత్రం ఇచ్చారు. అందులో ఒక రోగికి సంబంధించిన కేస్ నోట్స్ ఉంటాయి. వాటి ఆధారంగా 180 నుంచి 200 మాటల లేఖ రాయాలి. మొత్తం 45 నిమిషాలు. వాటిలో మొదటి 5 నిమిషాలు చదవడానికే, ఆ సమయంలో ఏమీ రాయకూడదు. కింద సూచనల్లో నోట్స్‌ను పూర్తి వాక్యాలుగా విస్తరించి రాయాలని, నోట్స్ రూపంలో రాయకూడదని ఉంటుంది. ఆ సూచనను చాలామంది ఒక మర్యాద మాటగా చదివి వదిలేస్తారు. పరీక్ష మొత్తం అక్కడే ఉందని నాకు అర్థం కావడానికి నెల పట్టింది. ఎందుకంటే కేస్ నోట్స్‌లో అన్నీ ఉంటాయి, క్రియ ఒక్కటే ఉండదు. తేదీ, జబ్బు పేరు, మందు పేరు, మోతాదు, బీపీ, షుగరు అన్నీ వాళ్ళే ఇస్తారు. రోగికి ఆ జబ్బు ఇప్పటికీ ఉందా, ఒకప్పుడు ఉండి పోయిందా, మందు ఆపారా, ఆపి మళ్ళీ మొదలుపెట్టారా అన్నది మనం పెట్టే క్రియే చెప్పాలి.

మన వార్డుల్లో కూడా మనం రాసేది ఇదే పద్ధతి. 'కె బై సి బై ఓ డీఎం, టెన్ ఇయర్స్, ఆన్ మెట్‌ఫార్మిన్' (పదేళ్ళుగా షుగరు ఉన్న మనిషి, మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతోంది) అని రాస్తే బెంగళూరులో ఏ ఆసుపత్రిలోనైనా అర్థమవుతుంది. 'నోన్ కేస్ ఆఫ్' అన్న ఆ మూడు మాటలు క్రియను మింగేసి కూర్చుంటాయి. దాన్ని వాక్యంగా మార్చమన్నప్పుడు తరగతిలో సగం మంది 'షి ఈజ్ ఎ నోన్ కేస్ ఆఫ్ డయాబెటిస్ సిన్స్ టెన్ ఇయర్స్' అని రాశారు. మేడం బోర్డు మీద రాసింది 'షి హ్యాజ్ హ్యాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్' అని. 'హ్యాజ్' పక్కనే 'హ్యాడ్' రావడం చూసి నా పక్కనున్న అమ్మాయి ఆవిడ పొరపాటున రెండుసార్లు రాశారనుకుంది. సరైన వాక్యం అదే. పదేళ్ళ కింద మొదలైంది, ఇప్పటికీ ఉంది అన్న రెండు విషయాలనూ ఆ రెండు మాటలు కలిసి చెబుతాయి.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన ఉదాహరణ నన్ను భయపెట్టింది. 'హీ స్మోక్డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్' అంటే ఇరవై ఏళ్ళు తాగి మానేశాడు. 'హీ హ్యాజ్ స్మోక్డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్' అంటే ఇవాళ పొద్దున కూడా తాగి ఉండవచ్చు. లేఖ అందుకున్న నర్సు మొదటిది చదివితే పొగ మానడం గురించి సలహా చెప్పదు, రెండోది చదివితే చెబుతుంది. ఒక్క 'హ్యాజ్' ఉండటం, లేకపోవడం వల్ల రోగి చరిత్రే మారిపోతుంది. ఇన్నేళ్ళుగా డాక్టర్లతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాను గానీ, ఎదురుగా రోగి ఉంటాడు, కేస్ షీటు ఉంటుంది, అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతారు. అందువల్ల ఈ తేడా ఎప్పుడూ బయటపడలేదు. లేఖకు ఆ వెసులుబాటు లేదు.

ఏప్రిల్ అంతా ఈ 'హ్యాజ్' దగ్గరే గడిచింది. నాకంటే ఇంగ్లీషు తక్కువగా మాట్లాడే మలయాళీ అమ్మాయిలు దీన్ని చులాగ్గా పట్టుకోవడం నాకు మొదట ఆశ్చర్యంగానూ, తర్వాత కొంచెం అవమానంగానూ అనిపించింది. నాతోపాటు వచ్చే మా వార్డు చేచిని (మలయాళంలో అక్క అని) అడిగితే, 'వన్ను' అంటే వచ్చాడు, 'వన్నిట్టుండ్' అంటే వచ్చి ఉన్నాడు, 'ఇట్టుండ్' వచ్చిన చోటల్లా 'హ్యాజ్' పెడతానని చెప్పింది. కన్నడం వాళ్ళకు 'బంద' వేరు, 'బందిద్దానె' వేరు. మనం బడిలో నేర్చుకున్న తెలుగులో ఈ రెండింటికీ 'వచ్చాడు' ఒక్కటే సరిపోతుంది. 'వచ్చి ఉన్నాడు' అన్నది ఉన్నా, మాటల్లో ఎవరూ అనరు. తరగతిలోని గుంటూరు అమ్మాయి, నేను ఇద్దరం ఆ మాటే చెప్పుకొని నిట్టూర్చాం.

మే నెల మొదట్లో సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు మా నాయన ఫోనులో ఎవరితోనో 'పాప బెంగళూరు నుంచి వచ్చిండాది' అంటుంటే విన్నాను. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. మా సీమ పల్లెల్లో 'వచ్చినాడు' అంటే వచ్చాడని మాత్రమే. 'వచ్చిండాడు' అంటే వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడని. 'పోయినాడు' అంటే వెళ్ళాడు, 'పోయిండాడు' అంటే వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. బడిలో అది మొరటు భాష అని దిద్దించుకొని, బెంగళూరులో గోదావరి జిల్లాల వాళ్ళ ముందు నవ్వులపాలవుతానని దాచుకున్న ఆ 'ఇండాడు'కు అర్థం దాదాపు ఇంగ్లీషు 'హ్యాజ్' అర్థమే. ఆ రాత్రి నా నోట్సు తీసి, ప్రతి కేసును ముందు మా ఊరి మాటల్లో చెప్పుకొని తర్వాత ఇంగ్లీషులో రాశాను. 'సిగరెట్లు మానేసినాడు' అంటే ఎప్పుడో జరిగిపోయిన సంగతి. 'మానేసిండాడు' అంటే ఇప్పుడు తాగడం లేదన్నది ముఖ్యం. బెంగళూరు తిరిగి వచ్చాక ఈ సంగతి మేడంకు చెబితే ఆవిడ ఒక హెచ్చరిక కూడా కలిపారు, అది చాలా పనికొచ్చింది. మన భాషల్లో తేదీ చెబుతూ కూడా ఈ రూపం వాడతాం. '2018లో ఆపరేషన్ చేయించుకొనుండాడు' అంటే మా ఊళ్ళో ఎవరికీ తప్పు కనిపించదు. ఇంగ్లీషు మాత్రం దీనికి ఒప్పుకోదు; గడిచిపోయిన తేదీ గానీ సంవత్సరం గానీ వాక్యంలో అడుగుపెట్టిందంటే 'హ్యాజ్' బయటికి వెళ్ళిపోవాలి. 'హీ హ్యాడ్ సర్జరీ ఇన్ 2018' అనాలి తప్ప, 'హ్యాజ్ హ్యాడ్ సర్జరీ ఇన్ 2018' అనకూడదు. 'సిన్స్ 2018' అన్నప్పుడు మాత్రం 'హ్యాజ్' ఉండి తీరాలి, ఎందుకంటే అది అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగుతున్న కాలం.

తెలుగు 'నుంచి' కూడా ఒక గుర్తుగా ఉపయోగపడింది. 'నాలుగు రోజుల నుంచి జ్వరం ఉంది' అని మనం వర్తమానంలో అంటాం, అందుకే చేతికి 'షి ఈజ్ హ్యావింగ్ ఫీవర్ సిన్స్ ఫోర్ డేస్' అని వస్తుంది. 'నుంచి' కనిపించగానే ఆగి, 'హ్యాజ్ హ్యాడ్' అని గానీ 'హ్యాజ్ బీన్' అని గానీ పెట్టి, దాని తర్వాత వచ్చేది సోమవారం, జూన్, 2019 లాంటి ఒక బిందువైతే 'సిన్స్', నాలుగు రోజులు, పదేళ్ళు లాంటి నిడివి అయితే 'ఫర్' వేయడం అలవాటు చేసుకున్నాను. రోజూ జరిగే పనికి, అంటే బడిలో మనం తద్ధర్మం అని చదువుకున్నదానికి, సాదా వర్తమానమే చాలు: 'షి టేక్స్ మెట్‌ఫార్మిన్ ట్వైస్ డైలీ', 'షి లివ్స్ అలోన్'. ఇక్కడ 'ఈజ్ టేకింగ్' రాస్తే ఈ కొద్దిరోజులకే అన్న అర్థం వస్తుంది. కోర్సు ముగిసేదాకా వాడే యాంటీబయాటిక్‌కు అది సరిపోతుంది గానీ, జీవితాంతం వేసుకునే మాత్రకు సరిపోదు.

మరో క్రియకు ముందు తోడుగా వచ్చే 'హ్యాడ్' గురించి మాత్రం ఎవరూ కంగారు పడనక్కరలేదని నా అభిప్రాయం. కోచింగ్ కేంద్రాల్లో దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడితే మార్కులొస్తాయని చెప్పేవాళ్ళున్నారు. జరిగిన రెండు సంగతుల్లో ఏది ముందో చెప్పకపోతే చదివేవారికి తెలియదన్నప్పుడే అది కావాలి. రక్తం పల్చబడే మందు మానేసిన తర్వాత రోగికి పక్షవాతం వచ్చిందా, వచ్చాక డాక్టరే మాన్పించారా అన్నది లేఖలో తేలాలి కాబట్టి 'షి హ్యాడ్ స్టాప్డ్ టేకింగ్ వార్ఫరిన్ బిఫోర్ ద స్ట్రోక్' అని రాస్తాం. లేఖలో ఒకటి రెండు చోట్లకు మించి దాని అవసరం నాకు రాలేదు.

జూన్‌లో కాలాలు కొంత కుదుటపడ్డాక అసలైన చిక్కుముడి ఒకేలా కనిపించే క్రియల రూపంలో ఎదురైంది. పై వాక్యంలోని 'స్టాప్డ్ టేకింగ్' అంటే వేసుకోవడం మానేసింది. 'స్టాప్డ్ టు టేక్' అంటే చేస్తున్న పని ఆపి మాత్ర వేసుకుంది. రెండూ మంచి ఇంగ్లీషే కనుక కంప్యూటరు వీటిలో దేని కింద కూడా ఎర్రగీత గీయదు, పరీక్షలో ఎలాగూ గీయదు.

వార్డులో రోజూ వాడేవాటిలో 'డినై', 'రెఫ్యూజ్' జంట దగ్గర చాలామంది తడబడ్డారు. ఛాతీనొప్పి ఏమీ లేదన్నాడు అనడానికి వైద్య ఇంగ్లీషులో 'డినైడ్ చెస్ట్ పెయిన్' అంటారు; ఇంజెక్షన్ వద్దన్నాడు అనడానికి 'రెఫ్యూజ్డ్ ద ఇంజెక్షన్' అంటారు. తెలుగులో లేదనడం, వద్దనడం అని విడదీసి చెప్పుకుంటే ఇక పొరపాటుకు తావుండదు. 'రెఫ్యూజ్డ్' కొంచెం గద్దించినట్టుంటుందని, 'డిక్లైన్డ్' రాయమని మేడం చెప్పేవారు. 'ట్రీట్', 'క్యూర్', 'హీల్' మూడూ అలాంటివే. వైద్యం చేయడం 'ట్రీట్', అది ఫలించినా ఫలించకపోయినా. జబ్బు పూర్తిగా నయమైతేనే 'క్యూర్', కాబట్టి షుగరుకు, బీపీకి ఆ మాట దగ్గరికి రానివ్వకూడదు. పుండు మానడం 'హీల్'. అది తనంతట తానే మానుతుంది కాబట్టి 'ద వూండ్ హ్యాజ్ హీల్డ్' అంటే చాలు, 'హ్యాజ్ బీన్ హీల్డ్' అనవలసిన పనిలేదు.

'రైజ్' రెండు రకాలుగా ఉండటం మరో తంటా. జ్వరం తానే పెరిగితే 'టెంపరేచర్ రోజ్'. కాలు మనం ఎత్తి పెడితే 'రెయిజ్డ్'. పడుకోవడానికి 'లై', పడుకోబెట్టడానికి 'లే'. వీటిలో మొదటిదాని భూతకాలం కూడా 'లే' కావడం ఇంగ్లీషు వాళ్ళు చేసిన అన్యాయమని నా అభిప్రాయం. మందు వేసుకోవడం రోగి గుర్తుంచుకుంటే 'రిమెంబర్', మనం గుర్తుచేస్తే 'రిమైండ్'. సలహా ఇవ్వడంలో 'అడ్వైజ్డ్ హర్ టు రెస్ట్' ఒప్పు, 'సజెస్టెడ్ హర్ టు రెస్ట్' తప్పు. 'సజెస్టెడ్ దట్ షి రెస్ట్' అనాలి. మన ఆసుపత్రుల్లో కేస్ షీట్ల నిండా కనిపించే 'సేమ్ ఇన్‌ఫార్మ్డ్ టు డాక్టర్' కూడా అక్కడ చెల్లదు, ఎందుకంటే 'ఇన్‌ఫార్మ్' తర్వాత నేరుగా మనిషి రావాలి: 'ఐ ఇన్‌ఫార్మ్డ్ ద డాక్టర్'. చనిపోయారనడానికి మనం రాసే 'ఎక్స్‌పైర్డ్' బదులు 'డైడ్', వార్డు మార్చారనడానికి 'షిఫ్టెడ్' బదులు 'ట్రాన్స్‌ఫర్డ్'. ఇలాంటివన్నీ ఒక చిన్న పుస్తకంలో జంటలుగా రాసి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. మందుల ట్రాలీ తోసుకుంటూ ఒక్కో మంచం దగ్గర ఆ రోగి సంగతి మనసులో ఒక వాక్యంగా చెప్పుకునేదాన్ని. అనంతపురం, మదనపల్లి వైపు నుంచి వచ్చిన రోగులు తెలుగులో చెప్పుకొనే బాధ ఈ సాధనకు బాగా కుదిరింది. ఒక పెద్దాయన 'బీడీలు తాగేవాణ్ణి తల్లీ' అంటే అది 'యూజ్డ్ టు స్మోక్' అని వెంటనే తట్టి నవ్వొచ్చింది. ఆయనకు నా నవ్వు ఎందుకో అర్థం కాలేదు.

ఆ కేంద్రంలో మరో ఉపాధ్యాయుడు టెంప్లేట్లు ఇచ్చేవారు. మొదటి పేరా ఇలా, చివరి పేరా ఇలా అని కంఠతా పట్టమనేవారు. 'ఐ యామ్ రైటింగ్ టు రెఫర్' అన్న ప్రారంభం వరకు అది పనికొస్తుంది. తర్వాతి పేరాల్లో క్రియ రోగిని బట్టి మారుతుంది కాబట్టి, కంఠస్థం చేసిన 'హ్యాజ్ బీన్ స్టేబుల్' అన్న వాక్యం నిన్ననే ఐసీయూ నుంచి వచ్చిన మనిషికి కూడా పడిపోతుంది. టెంప్లేట్ల కోసం వేరుగా 1,500 రూపాయలు కట్టిన నా రూమ్మేటుకు అది జూన్ చివర్లో మాక్ పరీక్షలో తెలిసింది. నేను డబ్బును లేఖలు దిద్దించుకోవడానికి వాడాను. లేఖకు 300 రూపాయలు. రెండు మూడు రోజుల్లో ఎర్ర సిరాతో తిరిగివచ్చేది. మొదట్లో ఎరుపే ఎక్కువగా కనిపించేది, చూడగానే కడుపులో తిప్పేది. జూలై మధ్యకు వచ్చేసరికి ఆ ఎరుపు క్రియల మీద నుంచి 'ఎ', 'ద'ల మీదికి జరిగింది. దాన్నే నేను పురోగతి అనుకున్నాను.

పరీక్ష ఫీజు జూన్ చివరి వారంలో కట్టాను. 587 ఆస్ట్రేలియా డాలర్లు. కార్డు మీద విదేశీ మారకపు రుసుము కూడా కలిసి 34 వేల రూపాయలు దాటింది. నా నెల జీతం కంటే ఎక్కువ. అందుకోసం ఊళ్ళో అమ్మ వేస్తున్న చీటీ ముందే పాడుకోవలసి వచ్చింది. ఇక్కడ రెండు చిన్న విషయాలు చెప్పాలి. ఒకటి, కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ముందే తెరిచి ఉంచుకోవాలి. నా కార్డులో అది మూసి ఉండటంతో తేదీ ఎంచుకున్నాక చెల్లింపు ఆగిపోయి, బ్యాంకు యాప్‌లో సరిచేసుకునేసరికి నేను కోరుకున్న శనివారం సీట్లు అయిపోయాయి. రెండు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే నమోదు చేయాలి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒక చోట, సర్టిఫికెట్లలో పొడి అక్షరంగా మరో చోట ఉంటాయి కాబట్టి కట్టే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవడం మంచిది.

పరీక్ష రోజున పొద్దున్నే చేరుకున్నాను. ఫోను, గడియారం, పర్సు అన్నీ లాకరులో పెట్టించి, పాస్‌పోర్టు చూసి, ఫొటో తీశారు. లిజనింగ్‌లో 42 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. రీడింగ్‌లోనూ 42, వాటిలో మొదటి 20 ప్రశ్నలకు 15 నిమిషాలే. ఈ రెండింటిలో నేను అనుకున్నదానికంటే భిన్నంగా ఏమీ జరగలేదు, హాలులో ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోవడం తప్ప. తర్వాత రైటింగ్. చదవడానికిచ్చిన 5 నిమిషాల్లో నేను చేసిన పని ఒక్కటే: లేఖ రాయవలసిన తేదీ ఏదో చూసి, దాన్నే 'ఇవాళ' అనుకొని, నోట్స్‌లోని ప్రతి పంక్తికీ అది ముగిసిందా, ఇంకా సాగుతోందా అని మనసులో ప్రశ్న వేసుకోవడం. నోట్స్‌లోని తేదీ మన క్యాలెండరులో ఎప్పుడో గడిచిపోయి ఉండవచ్చు, అయినా లేఖకు అదే వర్తమానం. ఈ సంగతి మేడం చెప్పి ఉండకపోతే నేను అంతా భూతకాలంలో రాసి ఉండేదాన్ని. ప్రశ్నలోని వివరాలు బయటపెట్టకూడదన్నది నిబంధన కనుక చెప్పను. నేను కంప్యూటరు మీద రాశాను; టైపు చేసేటప్పుడు అక్షరదోషాలు ఎవరూ చూపరు. చివరి నాలుగు నిమిషాలూ వైద్యం సంగతి వదిలేసి క్రియలను మాత్రమే పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. ఒక 'ఈజ్'ను 'హ్యాజ్ బీన్'గా మార్చాను, ఒక 'హ్యాడ్'ను తీసేశాను.

స్పీకింగ్‌కు విడిగా సమయమిచ్చారు. రెండు రోల్‌ప్లేలు, పాత్ర వివరాలున్న కార్డు చదువుకోవడానికి ఒక్కోదానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి ఐదేసి నిమిషాలు. ఎదుటివారు రోగిగా నటిస్తారు తప్ప మార్కులు వేయరు. ఆ రికార్డింగు విని వేరేవారు వేస్తారు. రోగిగా నటించినావిడ గొంతులో పలికిన నొప్పి నిజమేమో అనిపించేంతగా ఉండటంతో, వార్డులో ఉన్నట్టే 'సిన్స్ వెన్ యు ఆర్ హ్యావింగ్' అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకొని 'హౌ లాంగ్ హ్యావ్ యు హ్యాడ్ దిస్ పెయిన్' అని అడిగాను. అంతవరకు బిగబట్టిన ఊపిరి ఆ ప్రశ్నతో వదులైంది. మిగిలినది నాకు తెలిసిన పనే.

తర్వాతి రెండు వారాలు చదివిన రోజులకంటే పొడుగ్గా నడిచాయి. లేఖలో రాసిన ఒక్కో వాక్యం డ్యూటీలో ఉండగా గుర్తొచ్చేది. 'అడ్వైజ్డ్' రాశానా, 'సజెస్టెడ్' రాశానా అని ఒక రాత్రి నిద్రపట్టక, చేచిని లేపి అడిగితే, అది రాసినదానివి నీవే కదా అని దుప్పటి కప్పుకుంది. ఫలితం వచ్చిందన్న మెయిల్ సాయంత్రం షిఫ్టు మారే వేళ వచ్చింది. హ్యాండోవర్ ఇచ్చేదాకా తెరవలేదు. లిజనింగ్ 390, రీడింగ్ 370, స్పీకింగ్ 380, రైటింగ్ 340. రైటింగ్‌లో బి గ్రేడుకు పది తక్కువ, సి ప్లస్. బ్రిటన్ కౌన్సిల్‌కు 300 చాలు కాబట్టి గండం గడిచింది. అమ్మకు ఫోను చేస్తే మొదట అడిగిన మాట చీటీ డబ్బు వృథా కాలేదు కదా అని.

ఇక్కడ ఒక అసంతృప్తి ఉంది. కనీసం ఇద్దరు పరీక్షకులు లేఖను దిద్దుతారు, ఉద్దేశం, విషయం, క్లుప్తత, శైలి, అమరిక, భాష అని ఆరు అంశాల్లో మార్కులు వేస్తారు, కానీ మనకు చేరేది మొత్తం అంకె ఒక్కటే. ఆ పది మార్కులు ఏ క్రియ దగ్గర పోయాయో, అసలు క్రియ దగ్గరే పోయాయో లేదో తెలుసుకునే దారి ఆ ఫలితంలో లేదు. మళ్ళీ రాయవలసి వచ్చేవాళ్ళకు ఇది చాలా కష్టం. అందుకే మాక్ పరీక్షల్లో దిద్దిన కాగితాలు ఎవరూ పారేయవద్దు, తమ తప్పుల సంగతి తెలిపే ఆధారం చేతిలో అవే.

మొత్తం ఖర్చు కోచింగ్, దిద్దుబాటు, పరీక్ష ఫీజు, బస్సులు కలిపి 55 వేలకు అటూ ఇటూ అయింది. ఫలితం రెండేళ్ళ పాటు చెల్లుతుంది కాబట్టి మిగిలిన కాగితాలు వెంటనే మొదలుపెట్టాను. తర్వాతి మెట్టు సీబీటీ, అంటే కంప్యూటరు మీద రాసే నర్సింగ్ పరీక్ష. అది లెక్కలు, నర్సింగ్ ప్రశ్నలే, అందులో లేఖ లేదు. ప్రస్తుతం ఇక్కడి రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ కోసం ఎదురుచూస్తున్నాను. కోచింగ్‌లో నాతో ఉన్న గుంటూరు అమ్మాయి వచ్చే నెల రాస్తోంది. నా జంటల పుస్తకం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. మిగిలినవాళ్ళెవరికైనా కావాలంటే ఆమె పరీక్ష అయ్యాక ఇవ్వగలను.